పేరు కుక్కితే రసం ఊరదు

వేసవి వస్తే చాలు, నెట్‌లో మామిడిపళ్ళు అమ్మే పేజీలన్నీ ఒకటే జపం: 'నూజివీడు మామిడి, నూజివీడు రసాలు, బెస్ట్ నూజివీడు మామిడి'. కాయ ఏ తోటదో, ఎప్పుడు కోశారో, గడ్డిలో మగ్గబెట్టారో గ్యాస్ పెట్టారో మాత్రం ఒక్క ముక్క ఉండదు.

ఇదేంటయ్యా అంటే, "కీవర్డ్స్ అండీ, గూగుల్‌లో పైకి రావాలిగా!" అంటారు. పేజీ వెనకాల దాచిపెట్టే కీవర్డ్ ట్యాగుని ర్యాంకింగుకి లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పింది. పేజీ నిండా మాటలు కుక్కడాన్ని స్పామ్ అంటోంది. మరి ఈ జపం ఎవరికోసం?

కీవర్డులే వద్దని నేననడం లేదు. కొనేవాళ్ళ నోట్లో ఆడే మాట పేజీలో ఉండాల్సిందే. చిన్నరసమైతే చిన్నరసమని, పెద్దరసమైతే పెద్దరసమని శీర్షికలో ఒకసారి రాయండి. కింద తోట ఉన్న ఊరు, కోసిన తేదీ, మగ్గబెట్టిన తీరు చెప్పండి. వెతికేవాళ్ళకి కావలసిన మాటలన్నీ అందులోనే వచ్చేస్తాయి.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరి పేరు కూడా ఆస్తేనని చట్టమే ఒప్పుకుంది. నూజివీడు పేరు తోటల్లో రైతులు సంపాదించింది. ఎక్కడి కాయకో దాన్ని తగిలించి అమ్మడాన్ని మార్కెటింగ్ అనరు, దొంగతనం అంటారు.