పేకముక్కల లెక్క



పేక యను మాట వినినంతనే పెద్దలు కొందరు బొమలు ముడివేయుదురు. ఆ కోపమునకు కారణము లేకపోలేదు. ధర్మరాజు జూదమున రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని సైతము ఒడ్డిన కథ మన యిండ్లలో పసిబిడ్డలును ఎరుగుదురు. అయినను దోషము పణమునందున్నది గాని ముక్కయందు లేదు. పందెము లేనప్పుడు పేక వట్టి అట్టముక్కల కట్ట మాత్రమే. దానితో బిడ్డలకు గణితమునందు ప్రీతి కలిగించు వినోదమొకటి ఈ మాసమున వివరించుచున్నాము. దీనికి హస్తలాఘవము వలదు. ఎంచుట వచ్చిన చాలును.

జోకరులను తీసివేసి, 52 ముక్కలును సరిగా నున్నవో లేవో మొదట చూచుకొనుడు. ఒక్క ముక్క తగ్గినను లెక్క చెడును. ఆసునకు 1, జాకీకి 11, రాణికి 12, రాజునకు 13 వెలలు. తక్కిన ముక్కలకు వాని మీది అంకెయే వెల. పేకను చూచువారి చేతికిచ్చి, బాగుగా కలుపుమని చెప్పి, మీరు మొగము త్రిప్పుకొనుడు. ఇంటిలో నెవరు ఎక్కువగా మాటాడరో వారికే యీ పని యొప్పగించుట మేలు.

వారు పైముక్కను వెల కనబడునట్లు నేల నుంచవలెను. ఆ వెలనుండి 13 వరకు ఎంచుచు, ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క ముక్కను దానిపై వేయవలెను. మొదట 7 వచ్చెననుకొందము. దానినే ఏడుగా నెంచి, ఎనిమిది, తొమ్మిది యనుచు పదుమూడు వరకు ఇంక ఆరు ముక్కలు వేయుదురు. ఈ పైముక్కల వెలలతో పని లేదు. రాజు వచ్చినచో అదొక్కటియే యొక కుప్ప. ఇట్లు పేక ముగియువరకు కుప్పలు పెట్టి, చివరి కుప్ప నిండకున్నచో ఆ ముక్కలను చేతనే యుంచుకొనవలెను. పిమ్మట ప్రతి కుప్పను బోర్లించిన మొదటి ముక్క పైకి వచ్చును. తమకు నచ్చిన మూడు కుప్పలను మాత్రము నిలిపి, తక్కినవానినన్నిటిని చేతి ముక్కలతో కలిపి మీకిత్తురు.

ఇప్పుడు మీరు ఇటు తిరిగి, ఆ చేతి ముక్కలనుండి 10 తీసి ప్రక్కన పెట్టుడు. ఏవేని రెండు కుప్పల పైముక్కలను విప్పింపుడు. వాని వెలలు ఎంతయో అన్ని ముక్కలను మరల తీసివేయుడు. మీ చేత మిగిలినవి ఎన్నియో, మూడవ కుప్ప పైముక్క వెల అంతయే.

ఉదాహరణము: కుప్పల మొదటి ముక్కలు 5, రాణి, 8 అనుకొనుడు. కుప్పలలో వరుసగా 9, 2, 6 ముక్కలుండును, మొత్తము 17. చేతికి వచ్చునవి 35. అందు 10 తీయగా 25. అయిదును విప్పి 5 తీయగా 20. రాణిని విప్పి 12 తీయగా 8. మూడవ ముక్కను విప్పి చూచినచో ఎనిమిదియే!

ఇందలి రహస్యము మిక్కిలి సులభము. ఏ కుప్పయందైనను ముక్కల సంఖ్యకు మొదటి ముక్క వెలను కూడినచో 14 వచ్చును. ఏడుతో మొదలైన కుప్పలో ముక్కలు 7. రాజు కుప్పలో 1. ఆసు కుప్పలో 13. మూడు కుప్పలకు కలిపి 42. పేకలో 52 గలవు గనుక, చేతి ముక్కలలో 10 పోగా మిగిలినది సరిగా మూడు వెలల మొత్తమే. రెంటిని తీసివేసిన మూడవది దానంతట తేలును. కుంచమునకు తగ్గిన బియ్యము గాదెలోనే యున్నట్లు, కుప్పలో తగ్గిన ముక్కలు చేతిలోనే యున్నవి.

ఇట్టి సంఖ్యావినోదములు క్రొత్తవి కావు. భాస్కరాచార్యులవారి లీలావతియందు (1150) తుది ఫలమునుండి వెనుకకు నడచి మొదటి సంఖ్యను కనుగొను రీతి చెప్పబడినది. ఫ్రాంసుదేశమున బాషే యను పండితుడు 1612లో ఇట్టి వినోదపు లెక్కలకే ఒక గ్రంథమును ప్రకటించెను.

మా యెరుకలోని యొక గృహిణి యింటికి ఒకడు వచ్చి, ఆమె చూడని ముక్కను చెప్పి ఆశ్చర్యపరచెనట. ముక్కను చెప్పగలిగినవాడు గ్రహదోషమును మాత్రము చెప్పలేడా యని ఆమె నమ్మెను. శాంతి పేర రెండు బంగారు గాజులు పోయినవి. వాడు మనస్సును చదువలేదు, ముక్కలను ఎంచెను. ఆమెకు ఈ పదునాలుగు లెక్క తెలిసియున్న, గాజులు చేతనే యుండెడివి.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముమీదనుండియే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పెను. బాహుకుడు అబ్బురపడి యూరకుండలేదు. రథము నాపి, చెట్టును పడగొట్టి, తానే ఎంచి చూచెను. లెక్క సరిపోయినపిదపనే ఆ విద్యను గ్రహించెను. అంతట కలి యాతనిని వీడెను. ఆశ్చర్యము కలిగినచోట దిగి ఎంచి చూచుట మనకును వలయును.

కావున ఈ వినోదమును చూపినపిదప రహస్యమును దాచకుడు. బిడ్డలు రెండుమూడు మారులు చూచి, తమంతట తాము తడవుకొని, అలసినపిమ్మట చెప్పుడు. మొదటనే చెప్పిన రుచి పోవును. ఎన్నటికిని చెప్పకున్న వినోదము వంచనయగును.

తుదకొక ప్రశ్న. చూచువారు మూడు కుప్పలకు మారుగా రెంటినే నిలిపినచో, మొదట తీసివేయవలసిన ముక్కలెన్ని? మీ యింటి బాలికలచేత ఎంచి చూపింపుడు. జవాబు వచ్చు మాసమున.