కంప్రెసర్ తిరిగింది సరే... గాలి సంగతేంటి?

ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లారా? తల వంచుకుని నడుస్తుంటే ఎటు చూసినా పైపులే. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది. ఇలాంటి సబ్‌మెరైన్ నీళ్లలోంచి పైకి రావాలంటే బ్యాలస్ట్ ట్యాంకుల్లో నీటిని బయటికి తోసేయాలి. తోసేది గాలే! హైప్రెజర్ కంప్రెసర్‌తో సిలిండర్లలో ముందే కూరిపెట్టుకున్న గాలి.

పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు ఉన్న మన ఊళ్లో పాత మెషీన్లు అమ్మకానికి రావడం మామూలే. ప్రభుత్వ సంస్థల సామాన్లు చాలావరకు ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలంలో పోతాయి. స్కూబా సరదా ఉన్నవాళ్లకో, ఎయిర్ రైఫిల్ షూటింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లకో పాత హైప్రెజర్ కంప్రెసర్ కనిపిస్తే మనసు లాగుతుంది. ‘తక్కువలో వస్తోంది కదా, గాజువాక ఆటోనగర్‌లో బాగు చేయించుకుందాం’ అనుకుంటారు. ఆలోచన మంచిదే. కాకపోతే కొనేది ‘ఉన్నచోట ఉన్నట్టుగా’. గ్యారంటీ ఉండదు.

ముందు నేమ్‌ప్లేట్ చదవండి. ఓడల్లో పెద్ద ఇంజిన్‌ను స్టార్ట్ చేసే గాలి సుమారు 30 బార్ ఉంటుంది. స్కూబా సిలిండర్‌కి 200 బార్ కావాలి. అంటే ఓడలోంచి వచ్చిందల్లా మీకు పనికిరాదు. కారు టైరులో ఉండేది రెండు బార్‌కి కాస్త ఎక్కువ. తేడా అర్థమైంది కదా!

గాలిని ఒక్క దెబ్బకి 200 బార్‌కి నొక్కితే, లెక్క ప్రకారం వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. అందుకే మూడు, నాలుగు స్టేజీల్లో నొక్కుతారు. ప్రతి స్టేజీ తర్వాత కూలర్ ఉంటుంది. ఆ కూలర్ మూసుకుపోయినా, వాల్వ్ లీకైనా వేడి పెరుగుతుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ లేకుండానే మంట ఎలా పుడుతుంది? గాలిని నొక్కిన వేడికే. మన కంప్రెసర్‌లో కూడా ఆయిల్ ఉందని మర్చిపోకండి. అందుకే చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోసేయకూడదు. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే వాడాలి.

ఇక విప్పే ముందు ప్రతి స్టేజీలో ప్రెజర్ వదిలేయండి. గేజ్ సున్నా చూపిస్తే లోపల ఖాళీ అని కాదు, గేజే పాడై ఉండొచ్చు. సముద్రపు ఉప్పు గాలికి తుప్పు పట్టిన ట్యూబుకి వెల్డింగ్ అతుకులు వద్దు, మార్చేయండి. పాత హోసులూ అంతే. సేఫ్టీ వాల్వ్ పదేపదే లేస్తోందని బిగించేస్తే అసలుకే మోసం. తర్వాతి స్టేజీ వాల్వ్ లీకైనా అలా లేస్తుంది, కారణం వెతకాలి. త్రీఫేజ్ మోటార్ అయితే రెండు వైర్లు తారుమారైనా ఉల్టా తిరుగుతుంది. స్విచ్ వేయగానే తిరిగే దిక్కు చూడండి.

ఇవన్నీ అయ్యి, మెషీన్ హాయిగా తిరిగిందనుకోండి. చాలామంది అక్కడే పండగ చేసుకుంటారు. స్కూబా కోసమైతే అసలు పరీక్ష అక్కడే మొదలు. ఆ గాలి పీల్చేది మీరు, లేదా మీ ఫ్రెండ్. పక్కన బండి పొగ వస్తున్నా, లోపల ఆయిల్ మాడినా కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లోకి చేరుతుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు, కాబట్టి విషం ప్రభావం కూడా నాలుగింతలు. పీల్చే గాలికి యూరప్ ప్రమాణంలో కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం దాటకూడదు. ఫిల్టర్ కొత్తది వేసి, గాలి శాంపిల్ ల్యాబ్‌లో చూపించాకే నోట్లో పెట్టుకోవాలి. వైజాగ్ ఉక్కపోతలో నీరు కూడా బాగా చేరుతుంది. రన్నింగ్‌లో మధ్యమధ్యలో డ్రెయిన్ తిప్పుతూ ఉండాల్సిందే.

సిలిండర్ సంగతి వేరే. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర దాదాపు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. అది పగిలితే వచ్చే శక్తి, వంద కిలోమీటర్ల స్పీడులో గుద్దే కారుకి తక్కువేం కాదు. హైడ్రో టెస్ట్ గడువు దాటిన సిలిండర్ ముట్టుకోకండి. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు అమలు చేసేది పెసో. నింపడానికి ఏ అనుమతి కావాలో ముందే కనుక్కోండి.

మెషీన్ తక్కువలో వచ్చిందని మిగిలిన డబ్బుతో పార్టీ చేసుకోకండి. కొత్త గేజ్, ఫిల్టర్, టెస్టులకి పక్కన పెట్టండి. ఆ ఖర్చు దండగ అనిపిస్తే ఈ ఆదివారం కురుసురకి వెళ్లండి. అక్కడ గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. హైప్రెజర్ గాలి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండేవారో వాళ్లనే అడగండి.