శాలువా కప్పి పంపేస్తే చాలదు

సింగరేణి అనగానే నేడు అందరికీ గోదావరిఖని, రామగుండం గుర్తుకు వస్తాయి. ఆ సంస్థకు పేరిచ్చిన ఊరు మాత్రం ఖమ్మం జిల్లాలో ఉన్నది. ఆ ప్రాంతపు రొట్టమాకురేవు నుంచి వచ్చిన కవి యాకూబ్ హైదరాబాదులో తెలుగు అధ్యాపకుడిగా పనిచేస్తూనే కవిత్వం రాశారు, 2012లో కవిసంగమాన్ని ప్రారంభించారు, సొంత ఊరి పేరిట కవిత్వ పురస్కారం నెలకొల్పారు. పాఠం, పద్యం, సభ ఒకే జీవితంలో ఇమిడిన తీరు అది.

ఖనిలోనూ అటువంటి కవులున్నారు. పగలు బడిలో తెలుగు పాఠం. సాయంత్రం ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు ఎవరో ఒకరు: కూతురి బీసీ-ఇ ధ్రువపత్రానికి దరఖాస్తు నింపాలి, పింఛను కాగితం చదివి చెప్పాలి. ఇషా నమాజు తరువాత ఒక నికాహ్, లేదా సంతాపసభ. ఆదివారం కవి సమ్మేళనం. ఉర్దూ మాట్లాడే ఇంట్లో తెలుగు రాయగలవాడు ఒక్కడే కావడం గౌరవమే గాని, బరువు కూడా. పరిశోధనకు మిగిలేది నిద్రవేళే.

ఆ పరిశోధన చిన్నది కాదు. 1998లో ‘జల్‌జలా’ కవితలనూ, 2004లో ‘వతన్’ కథలనూ స్కైబాబ సేకరించి తెచ్చినందుననే తెలుగు ముస్లిం గొంతు ఒకచోట వినబడింది. బొగ్గుబావుల ముస్లిం కార్మికుల జ్ఞాపకాలకు అటువంటి సేకరణ ఇంకా కావలసే ఉన్నది. గనిలో నేటికీ ‘సర్దార్’ అనే కొలువు ఉన్నది. ఆ మాట వెంట ఎవరెవరి మాటలు బావిలోకి దిగాయో అడిగి రాసుకోవాలి. కార్మికుడు విరమణ పొంది క్వార్టరు ఖాళీ చేసే రోజున ట్రంకుపెట్టెలోని ఉత్తరాలు, కరపత్రాలు, ఉర్దూలో రాసుకున్న పాటల నోటుపుస్తకాలు పాతసామాను బండి ఎక్కితే మళ్లీ దొరకవు. చెప్పేవారి వయసు కూడా ఆగదు.

మన సంఘాలు కవిని పిలుస్తాయి, శాలువా కప్పుతాయి, పుస్తకం మాత్రం కొనవు. (మా కార్యాలయమూ ఇందుకు పూర్తిగా మినహాయింపు కాదు.) షామియానాకూ మైకుకూ పెట్టే ఖర్చులో కొంత ఈ సేకరణకు మళ్లించడం అసాధ్యమా? కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం ఖని ముస్లింల మౌఖిక చరిత్రను పరిశోధనాంశంగా స్వీకరించాలి. సింగరేణి సంస్థ తన పాత దస్తావేజులను ఈ పరిశోధకులకు చూపాలి. దరఖాస్తులు నింపే పనిని చదువుకున్న మన యువకులు వారానికి రెండు సాయంత్రాలైనా పంచుకోవాలి.

వచ్చే సంచిక నుంచి ఖని జ్ఞాపకాలకు మేము రెండు పుటలు కేటాయిస్తున్నాము. చేతిరాతలో పంపినా, ఉర్దూలో పంపినా తీసుకుంటాము.