మిషిగన్ ఓటరు పెరటి చెట్టేనా?

2024 నవంబర్ 5న అమెరికా పౌరులు తమ తదుపరి అధ్యక్షుని ఎన్నుకోబోతున్నారు. ఈ సంచిక కొందరు పాఠకుల చేతికి అందేసరికి ఫలితం వెలువడి ఉండవచ్చు కూడా. అయినా ఓట్ల లెక్కింపు మొదలు కాకముందే ఈ మాటలు అచ్చువేయడం ఉచితమని మేము భావించాము. ఫలితం తెలిశాక ఎవరైనా జ్ఞానులే అవుతారు.

ముందుగా మా పక్షం ఏదో చెప్పుకోవడం ధర్మం. డొనాల్డ్ ట్రంప్ ఓడిపోవాలనీ, కమలా హారిస్ గెలవాలనీ మేము కోరుకుంటున్నాము. ముస్లింలను అమెరికాలోకి పూర్తిగా రానివ్వరాదని 2015 డిసెంబర్‌లో బాహాటంగా కోరిన వ్యక్తి ట్రంప్. పదవి చేపట్టిన వారం తిరగకుండానే, 2017 జనవరి 27న, ముస్లింలు అధికసంఖ్యాకులుగా ఉన్న ఏడు దేశాల ప్రజలపై ప్రవేశ నిషేధం విధించారు. ఆ నిషేధపు మూడవ రూపాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018లో 5-4 తేడాతో సమర్థించింది. బైడెన్ ప్రమాణ స్వీకారం చేసిన రోజునే దానిని రద్దు చేశారు. తాను గెలిస్తే మళ్ళీ తెస్తానని ట్రంప్ ఈ ప్రచారంలోనూ చెబుతున్నారు. అమెరికా రాయబార కార్యాలయాన్ని జెరూసలేంకు తరలించింది ఆయనే. ఈ ఏడాది జూన్ 27న జరిగిన చర్చలో బైడెన్‌ను ఎద్దేవా చేయడానికి ‘పాలస్తీనీ’ అన్న మాటను ఒక తిట్టులా వాడిందీ ఆయనే. ఒక జాతి పేరే తిట్టుగా మారిన నోట శాంతి వాగ్దానం వినవచ్చినప్పుడు దానిని నమ్మడానికి మాకు మనసొప్పడం లేదు.

సప్త సముద్రాల అవతలి ఎన్నిక గురించి మనకెందుకు అనుకునే పాఠకులు బహుశా తక్కువే ఉంటారు. చికాగోలోని డెవాన్ అవెన్యూలో నడిస్తే హైదరాబాదీ ఉర్దూ చెవిన పడుతుంది. పాతబస్తీ నుండీ, గుంటూరు నుండీ, కర్నూలు నుండీ చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన బిడ్డల ఫోన్ల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు మా పాఠకులలో ఉన్నారు. వర్జీనియా సెనేట్‌కు 2019లో ఎన్నికైన తొలి ముస్లిం మహిళ గజాలా హాష్మీ పుట్టింది హైదరాబాద్‌లోనే. సాహిత్యం బోధించుకుంటున్న ఆమెను రాజకీయాల్లోకి నెట్టింది 2017 నాటి ఆ ప్రవేశ నిషేధమే. భారతదేశం ఆ జాబితాలో లేకపోయినా ఆ భయం మన ఇళ్ళలోకీ వచ్చింది.

కనుక మా ఆందోళన ఒక మద్దతుదారుని ఆందోళన. గెలవవలసిన వారు గెలుపు మార్గాన్ని తామే ఇరుకు చేసుకుంటున్నారన్నది మా బెంగ.

అమెరికా అధ్యక్ష ఎన్నికలో దేశమంతటా వచ్చిన ఓట్లను కలిపి విజేతను తేల్చరు. రాష్ట్రానికి ఇన్నేసి చొప్పున మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లుంటాయి. 270 చేరినవారిదే పీఠం. అత్యధిక రాష్ట్రాలలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ ఒకరికే. నలభైకి పైగా రాష్ట్రాల తీర్పు ముందే తెలిసినట్టే ఉంది. మిగిలినవి ఏడు. వాటిలో పెన్సిల్వేనియాకు 19, మిషిగన్‌కు 15, విస్కాన్సిన్‌కు 10. హారిస్‌కు ఖాయమనుకుంటున్న స్థానాలకు ఈ 44 కలిపితే, నెబ్రాస్కాలోని ఒక్క ఓటును కూడా చేర్చుకుని, సరిగ్గా 270 దగ్గర ఆగుతుంది. మిషిగన్ జారిపోతే ఆ 15 ఓట్లను దక్షిణాది రాష్ట్రాలలోనో, అరిజోనా, నెవాడాలలోనో వెతుక్కోవాలి. 2016లో ట్రంప్ మిషిగన్‌ను గెలిచింది 10,704 ఓట్ల తేడాతో. మన దగ్గర ఒక శాసనసభ నియోజకవర్గంలో వచ్చే ఆధిక్యం అది.

ఆ మిషిగన్‌లోనే అరబ్బు, పశ్చిమాసియా మూలాలున్న ప్రజలు 3 లక్షలకు పైగా నివసిస్తున్నారు. డియర్‌బర్న్ పట్టణ జనాభాలో వారిది సగానికి మించిన వాటా. ఫోర్డ్ కర్మాగారాలలో పని కోసం వెళ్ళిన తరాల వారసులు కొందరు, లెబనాన్ దక్షిణ గ్రామాల నుండీ, ఇరాక్ నుండీ, యెమెన్ నుండీ యుద్ధాలు తరిమితే వచ్చినవారు మరికొందరు. గాజాలో మృతుల సంఖ్య 43 వేలు దాటిందని అక్కడి ఆరోగ్య శాఖ ఈ నెలాఖరున ప్రకటించింది. డియర్‌బర్న్‌లో ఆ సంఖ్యకు పేర్లున్నాయి. బంధువుల జనాజాకు వెళ్ళలేక, కొన్నిసార్లు ఖననం జరిగిందో లేదో కూడా తెలియక కూర్చున్న కుటుంబాలున్నాయి. అక్టోబర్‌లో లెబనాన్‌పై జరిగిన దాడిలో ఆ పట్టణవాసి ఒకరు మరణించారు. ఆ బాంబులలో తాము కట్టిన పన్నుల సొమ్ము ఉందన్న ఎరుకతో వారు రోజూ పనికి వెళ్ళివస్తున్నారు.

వారు తమ బాధను నిశ్శబ్దంగా దిగమింగుకోలేదు. ఫిబ్రవరి 27న జరిగిన డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో లక్షకు పైగా ఓటర్లు ఏ అభ్యర్థికీ కట్టుబడలేదని బ్యాలెట్‌పైనే గుర్తుపెట్టారు. ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లో అదే పద్ధతిలో 48 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ విస్కాన్సిన్‌ను 2020లో బైడెన్ గెలుచుకున్నది 20,682 ఓట్లతోనని గుర్తుంచుకోవాలి. ఇంత స్పష్టంగా, ఇంత క్రమశిక్షణతో, ఎనిమిది నెలల ముందుగా అందిన హెచ్చరిక ఏ పార్టీకైనా వరమే. వినదలచుకుంటే.

జూలై 21న బైడెన్ పోటీ నుండి తప్పుకుని హారిస్ ముందుకు వచ్చినప్పుడు అక్కడా ఇక్కడా ఒక ఆశ మొలకెత్తింది. మేమూ ఆశపడ్డాము. ఆగస్టు 7న డెట్రాయిట్ సమీప సభలో గాజా గురించి నినాదాలు చేసిన యువతను చూసి, ట్రంప్ గెలవాలనుకుంటే ఆ మాటే చెప్పండి, లేకుంటే మాట్లాడుతున్నది నేను అన్నట్లుగా ఆమె గద్దించారు. సభలో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు మిషిగన్‌లో ఎన్ని ఓట్లు తెచ్చాయో గాని, ఎన్ని ఇళ్ళలో టెలివిజన్ ఆగిపోయిందో ఊహించగలము. తరువాత అదే నెల చికాగోలో పార్టీ మహాసభ. ఇజ్రాయెలీ బందీ తల్లిదండ్రులకు వేదికపై మాట్లాడే అవకాశం ఇచ్చారు. అది మానవీయమైన పనే. పాలస్తీనా మూలాలున్న ఒక్క అమెరికన్‌కు కొన్ని నిమిషాలు ఇమ్మని కోరితే మాత్రం నిరాకరించారు. వారు ప్రతిపాదించిన వారిలో ఒకరైన రువా రోమన్ జార్జియా శాసనసభ్యురాలు, సొంత పార్టీ మనిషి, హారిస్‌ను గెలిపించమని చెప్పడానికి సిద్ధంగా ఉన్న మనిషి. పార్టీ ప్రతినిధులే ఆ సభాభవనం బయట నేలమీద కూర్చుని రాత్రి గడిపారు.

అడిగినది ఆయుధాల ఒప్పందం రద్దు కాదు, కొన్ని నిమిషాల సమయం. అది కూడా ఇవ్వలేని చోట ఓటు ఎలా అడుగుతారన్న ప్రశ్నకు మాకు జవాబు దొరకలేదు.

ఇక అక్టోబర్ సంగతి. బైడెన్ కంటే మీరు భిన్నంగా ఏమి చేసి ఉండేవారని 8వ తేదీన ఒక టెలివిజన్ కార్యక్రమంలో అడిగితే తనకేదీ తోచడం లేదన్నారు ఆమె. 21న మిషిగన్‌లోనే, రాయల్ ఓక్‌లో, లిజ్ చెనీని పక్కన కూర్చోబెట్టుకుని సభ జరిపారు. ఆ సభకు వచ్చిన స్థానిక ముస్లిం డెమొక్రాట్ నాయకుడు ఒకరిని కారణం చెప్పకుండా బయటకు పంపివేశారు. ప్రచార బృందం ఆ తరువాత విచారం వ్యక్తం చేసిందనుకోండి. ఈ సంపాదకీయం ముగించే వేళకు అందిన వార్త: 30న మిషిగన్‌లో హారిస్ తరఫున మాట్లాడిన మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్, పౌరుల మరణాలకు హమాసే ఇజ్రాయెల్‌ను పురిగొల్పుతోందన్న ధోరణిలో వివరించి వచ్చారు. దుఃఖంలో ఉన్న ఇంటికి పరామర్శకు వెళ్ళి చనిపోయినవారి తప్పులెంచినట్లుంది.

చెనీ అన్న పేరు దగ్గర మేము ఇంకాస్త ఆగవలసి ఉంది. 2000 సంవత్సరపు ఎన్నికను పెద్దలు మరచిపోయి ఉండరు. జార్జ్ బుష్ ఆనాటి చర్చలో, వలస వచ్చిన అరబ్బులపై రహస్య సాక్ష్యాల ప్రయోగాన్ని తప్పుపట్టారు. అంత చాలునని అమెరికా ముస్లిం సంస్థల సమాఖ్య అక్టోబర్‌లో ఆయనకు మద్దతు ప్రకటించింది. ఆఫ్రికన్ అమెరికన్ ముస్లింలు మమ్మల్ని అడిగారా అని మొత్తుకున్నారు, వినలేదు. ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో గెలిచారు. ఆ గెలుపులో తమ వాటా ఉందని నాయకులు సంతోషించారు. ఏడాది తిరిగేసరికి పేట్రియాట్ చట్టం వచ్చింది, ఆ వెంటనే గ్వాంటనామో చెర, 2003లో ఇరాక్ దండయాత్ర. ఆ ప్రభుత్వపు ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, ఆ యుద్ధపు ముఖ్య సూత్రధారి. అదే డిక్ చెనీ గత నెలలో హారిస్‌కు మద్దతు పలికితే దానిని ప్రచార బృందం పతకంలా ధరించింది. డియర్‌బర్న్‌లో ఇరాకీ కుటుంబాలు ఉన్నాయన్న సంగతి వ్యూహకర్తల బల్లమీది పటంలో లేదా?

వారి లెక్క మాకు అర్థం కాకపోలేదు. ట్రంప్‌తో విసిగిన రిపబ్లికన్లు, పట్టణ శివార్ల మహిళలు చెనీని చూసి ఇటు రావచ్చు. ఇజ్రాయెల్ విషయంలో ఒక్క మాట తేడాగా అన్నా పెన్సిల్వేనియాలో దెబ్బ తగలవచ్చు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితి అది. పైగా ఆమె ఇప్పటికీ పదవిలో ఉన్న ఉపాధ్యక్షురాలు. తన అధ్యక్షుని వీపు మీద నిలబడి అతనినే ఖండించడం సులభం కాదు. అంతా ఒప్పుకుంటాము. అయితే రాని చుట్టాల కోసం పీటలు వేస్తూ ఉన్న చుట్టాలను గుమ్మంలో నిలబెట్టడం ఏ లెక్కలో సబబు? మీకు వేరే దారి ఏముంది అన్న ధీమాయే ఆ లెక్కకు ఆధారం. ఓటరుకు ఎప్పుడూ ఒక దారి ఉంటుంది, ఇంట్లో కూర్చోవడం. ఓటమి పాలైన అభ్యర్థుల లెక్కలో దొరకని ఓటు అదే.

మన సోదరుల వ్యూహం గురించి కూడా మాకు దిగులు ఉంది. హామ్‌ట్రామిక్ మేయర్ ట్రంప్‌కు జై కొట్టారు. అక్టోబర్ 26న నోవై సభలో కొందరు ఇమాములు ట్రంప్ పక్కన నిలబడ్డారు. జిల్ స్టీన్‌కు ఓటువేసి డెమొక్రాట్లకు గుణపాఠం నేర్పుదామని మరొక వర్గం అంటోంది. 2000 నాటి వాగ్దానం కంటే బలమైనదేదైనా ట్రంప్ ఇచ్చారా అని వెతికితే మాకు కనబడలేదు. ఇజ్రాయెల్‌ను పని పూర్తి చేయనివ్వాలని చెప్పిన మనిషి ఆయన. ఫిబ్రవరిలో లక్ష ఓట్లు కూడగట్టిన ఉద్యమ నాయకులే హారిస్‌కు మద్దతు ప్రకటించలేమంటూనే, ట్రంప్‌ను అడ్డుకోవాలనీ, మూడవ పక్షానికి ఓటు వేయడం ఆయనకే మేలు చేస్తుందనీ సెప్టెంబర్‌లో చెప్పారు. మా మనసుకు దగ్గరగా తోచిన మాట అది. ఆ మాట చెప్పడానికి వారు ఎంత కుమిలిపోయి ఉంటారో!

ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని, పదిమంది బంధువులను పోగొట్టుకున్న మనిషికి ఓటు పాఠం చెప్పే అర్హత మాకు లేదు. ఆయన ఇంట్లోనే ఉండిపోతే మేము నిందించలేము. ఆయనను ఒప్పించవలసిన బాధ్యత ఓటు కావలసిన వారిది.

ఇదంతా చదువుతుంటే మన వీధిలో విన్న మాటల్లాగే లేవూ? చీల్చితే వాడొస్తాడు, కాబట్టి నోరు మూసుకుని మాకే వేయండి అన్న ఉపదేశం ప్రతి ఎన్నికకూ మనకు అందుతూనే ఉంది. 2024లో లోక్‌సభకు ఎన్నికైన ముస్లిం సభ్యులు 24 మంది. తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడి 11 నెలలు కావస్తున్న 2024 అక్టోబర్ నాటికి మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. ఎందుకని అడిగితే గెలిచిన ముస్లిం శాసనసభ్యుడు పార్టీలో లేడన్నారు. శాసనమండలి అన్నది ఒకటి ఉందని వారికి మనమే గుర్తుచేయాలి కాబోలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన పల్లెలదే అయినా డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలోనూ చెలామణిలో ఉన్నట్లుంది.

హారిస్ గెలవాలని మేము ఇప్పటికీ కోరుకుంటున్నాము. డియర్‌బర్న్ మేయర్ అబ్దుల్లా హమ్మూద్ ఎవరికీ మద్దతు ప్రకటించకుండా, అందరూ వెళ్ళి ఓటు మాత్రం వేయండని తన ప్రజలను కోరుతున్నారు. మిషిగన్ అంతటా ముందస్తు పోలింగ్ అక్టోబర్ 26నే మొదలైంది. ఇక మిగిలినవి నాలుగైదు రోజులు. ఆమె ఆ రాష్ట్రానికి ఎన్నో మార్లు వచ్చివెళ్ళారు. డెట్రాయిట్‌ను ఆనుకునే ఉన్న డియర్‌బర్న్‌లో మాత్రం ఇంతవరకూ ఒక్క సభా జరపలేదు.