ముందు మైకు, తర్వాతే మోత

పాటలు వింటున్నంతసేపూ బ్రహ్మాండంగా పలికిన బ్లూటూత్ హెడ్‌సెట్, ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరిన మరుక్షణం రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఎందుకు మారిపోతుంది? ఈ అనుభవం ఇవాళ ఇంటింటిదీ. సెట్టు పాడైందనుకునేవాళ్లు కొందరు, ఇంటర్నెట్‌ను తిట్టుకునేవాళ్లు మరికొందరు. ఇంకాస్త ఖరీదైనది కొని, మళ్లీ అదే గొంతు విని నిట్టూర్చేవాళ్లూ ఉన్నారు. నిజానికి అక్కడ పాడైంది ఏదీ లేదు. బ్లూటూత్ పనిచేసే తీరే అది. ఈ ఒక్క సంగతి తెలిస్తే తక్కువ ఖర్చులో మంచి హెడ్‌సెట్ ఎంచుకోవడంలో సగం పని అయిపోయినట్టే.

మామూలు బ్లూటూత్‌లో శబ్దానికి రెండు దారులున్నాయి. పాటలు పంపే దారి వేరు, ఫోన్ మాటలు మోసే దారి వేరు. పాటల దారిలో శబ్దం ఫోను నుంచి చెవికి, ఒకవైపే ప్రయాణిస్తుంది. కాబట్టి రెండు చెవులకూ విడివిడిగా, నిండుగా అందుతుంది. మైకు తెరుచుకోగానే హెడ్‌సెట్ రెండో దారికి మళ్లుతుంది. రానూ పోనూ మాట పట్టాలి గనుక అక్కడ రెండువైపులా శబ్దాన్ని కుదించేస్తారు. పాత పద్ధతిలో సెకనుకు 8,000 శబ్దపు నమూనాలు మాత్రమే తీసుకుంటారు. 2011లో వచ్చిన మెరుగైన పద్ధతిలో అవి 16,000 అయ్యాయి. పాటల సీడీలో ఉండేవి 44,100. నమూనాల సంఖ్యలో సగం హెర్ట్జ్‌ల వరకే శబ్దం పలుకుతుందన్నది లెక్క. అంటే పాత పద్ధతిలో 4,000 హెర్ట్జ్ దాటినదంతా పోయినట్టే. మనం 'స' అన్నప్పుడు వచ్చే బుస చాలామటుకు ఆ గీతకు పైనే ఉంటుంది. అందుకే అవతలివారికి 'స' ఏదో 'ఫ' ఏదో తేలదు. వాక్యం మొత్తం ముద్దగా చేరుతుంది.

దీన్ని చిన్న విషయమని నేను అనుకోను. ఇవాళ ఉద్యోగం ఇంటర్వ్యూ మొదటి మెట్టు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే. భీమవరంలోనో జగిత్యాలలోనో తన గదిలో కూర్చున్న అమ్మాయి ఎంత చదివినా, అవతల కూర్చున్నవారికి చేరేది ఆ మైకు ఎంత చేరవేస్తే అంతే. మూడుసార్లు 'సారీ, మళ్లీ చెప్పండి' అనిపించుకున్నాక ఎంత ధైర్యమున్న పిల్లకైనా గొంతు వణుకుతుంది. హెడ్‌సెట్‌ను మన చెవి కోసం కొంటాం గానీ, మనల్ని తూకం వేసేది ఎదుటివారి చెవి. కొనేటప్పుడు మనం మరిచిపోయేదీ, అంగడివాడు గుర్తుచేయనిదీ సరిగ్గా ఇదే.

ఇక ఆటల సంగతి. అక్కడ ఇబ్బంది స్పష్టతతో కాదు, ఆలస్యంతో. బ్లూటూత్ పాటల దారిలో శబ్దం చెవికి చేరడానికి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఆ తేడా తెలియదు. వీడియో నడిపే యాప్ లెక్క చూసుకుని బొమ్మను కూడా అంతసేపు ఆపుతుంది. ఆటలో బొమ్మను ఆపే వీల్లేదు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే, బీజీఎంఐ లాంటి ఆటలో పక్క గదిలో దాక్కున్న శత్రువు అడుగుల చప్పుడు దాదాపు 70 మీటర్ల అవతలి నుంచి వచ్చినంత ఆలస్యంగా వినిపించడం. అది వినేలోపే ఆట ముగుస్తుంది. 'గేమింగ్ మోడ్' ఉన్న ఇయర్‌బడ్స్ ఈ ఆలస్యాన్ని తగ్గిస్తాయి. కానీ అట్టపెట్టె మీది అంకె వాళ్ల సొంత పరీక్షలో వచ్చింది. మన ఫోనులో అంతే వస్తుందన్న హామీ లేదు.

ఆలస్యం మీటింగ్‌నూ వదలదు. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందన్నది అంతర్జాతీయ టెలికం సమాఖ్య చెప్పే కొలత. అందులో కొంత ఇంటర్నెట్ తినేస్తుంది. మిగిలినదాన్ని రెండువైపులా ఉన్న బ్లూటూత్ సెట్లు పంచుకుంటాయి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, 'మీరు చెప్పండి', 'కాదు, మీరే కానివ్వండి' అనుకోవడం వెనక మర్యాద కంటే మిల్లీసెకన్లే ఎక్కువ.

ఈ రెండు జబ్బులకూ ఒకటే మందు ఉంది. అది యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ హెడ్‌సెట్. ఆ చిన్న డాంగిల్ కంప్యూటర్‌కు ఒక సౌండ్ కార్డులా కనిపిస్తుంది. బ్లూటూత్ దారుల గొడవ అక్కడ లేదు. మైకు తెరిచినా చెవిలో స్టీరియో అలాగే ఉంటుంది, ఆలస్యం పదుల మిల్లీసెకన్లకు దిగుతుంది. ఆటకూ మీటింగ్‌కూ ఒకే సెట్టు కావాలనుకునే ఇంటికి నా సలహా సూటిగా ఇదే: డాంగిల్ ఉన్నది, నోటి దగ్గరికి వంగే మైకు కాడ ఉన్నది కొనండి. డాంగిల్‌తోపాటు బ్లూటూత్ కూడా ఉంటే మంచిదే, ఫోనుకు పనికొస్తుంది.

కాడ మైకు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, అది భౌతికశాస్త్రం. శబ్దం పుట్టిన చోటి నుంచి దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పెదవులకు మూడు సెంటీమీటర్ల దూరంలోని మైకుకూ, చెవి దగ్గర పన్నెండు సెంటీమీటర్ల దూరంలో దాగిన మైకుకూ మధ్య పదహారు రెట్ల తేడా. వంటింట్లోని మిక్సీ మాత్రం రెండింటికీ ఒకేలా వినిపిస్తుంది. ఆ లోటును పూడ్చడానికి ఇయర్‌బడ్ లోపలి చిప్ నానా తంటాలు పడి, గొంతును సాన పట్టీ పట్టీ దాని జీవం తీసేస్తుంది. లాజిటెక్ జీ435 తేలికైన మంచి సెట్టు, బరువు 165 గ్రాములే, డాంగిలూ బ్లూటూత్ రెండూ ఉన్నాయి. కానీ దానికి కాడ లేదు, మైకులు చెవి గిన్నెలోనే ఉన్నాయి. ప్రశాంతమైన గదిలో ఆడుకునే పిల్లలకు చాలు. రోజుకు నాలుగు మీటింగులున్న మనిషికి, అదీ మిక్సీ మోగే ఇంట్లో, నేను దాన్ని చెప్పను.

అంగట్లో జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేవి రెండు మాటలు: ఏఎన్‌సీ, ఈఎన్‌సీ. ఏఎన్‌సీ మీ చెవికి బయటి రొద తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీ మైకులోంచి అవతలివారికి వెళ్లే రొద తగ్గిస్తుంది. ఏఎన్‌సీ చూసి కొని, 'మా ఇంట్లో కుక్కర్ కూత ఆఫీసువాళ్లకు ఇంకా వినిపిస్తోందేమిటి' అనుకునేవారిని చూస్తుంటాం. అది దాని పని కాదు. పైగా ఏఎన్‌సీ ఫ్యాను, ఏసీ లాంటి ఎడతెగని హోరును అణచగలదు గానీ ఒక్కసారిగా లేచే కూతను, హారన్‌ను అంతగా ఆపలేదు. ఇక మైకు రొద తగ్గించే పని జూమ్, టీమ్స్, డిస్కార్డ్ లాంటి యాప్‌లే చేసిపెడుతున్నాయి. సెట్టింగ్స్‌లో ఆ మీట ఒక్కటి నొక్కితే సరిపోయేదానికి వేలు పోయడం దండగ.

ఇలా దండగయ్యేవి ఇంకా ఉన్నాయి. మొదటిది రంగురంగుల దీపాలు. పెట్టుకున్నవారికి అవి కనిపించవు, బ్యాటరీని మాత్రం తాగేస్తాయి. రెండోది '7.1 సరౌండ్'. ఈ ధరలో చెవికి ఒకటి చొప్పున స్పీకర్లు రెండే ఉంటాయి. మిగిలినదంతా సాఫ్ట్‌వేర్ కల్పించే భ్రమ. అలాంటిదే విండోస్‌లో 'విండోస్ సోనిక్' పేరుతో ఉచితంగా ఉంది. వాలరంట్‌లోనైతే ఆటలోనే ఇదే పని చేసే హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే ఏర్పాటు ఉంది. రెండూ కలిపి పెడితే దిక్కు తెలియకపోగా గందరగోళమే మిగులుతుంది.

డబ్బు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. బరువు 300 గ్రాములు దాటితే మూడు గంటలకే మెడ చెబుతుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో రెగ్జిన్ దిండ్లు చెమటకు నాని ఏడాది తిరిగేసరికి పొరలు ఊడతాయి. గుడ్డ దిండ్లు నయం, ఊడదీసి మార్చుకునేవైతే ఇంకా నయం. కళ్లద్దాలు పెట్టుకునేవారు కొనేముందు అద్దాలతోనే పది నిమిషాలు పెట్టుకుని చూడాలి. మన గొంతు మనకు కొంచెం వినిపించే 'సైడ్‌టోన్' ఉంటే అరవకుండా మాట్లాడతాం, పక్క గదిలో పడుకున్న పెద్దవాళ్లకు నిద్ర చెడదు. ఛార్జింగ్‌లో ఉండగా పనిచేస్తుందో లేదో అడగాలి. 3.5 ఎంఎం తీగ పెట్టుకునే రంధ్రం ఉంటే, మీటింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయినా పరువు నిలుస్తుంది.

డాంగిల్‌కూ కొన్ని పట్టింపులున్నాయి. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే ఉంటాయి. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వెలువడే రొద ఇదే పరిధిని చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. శబ్దం తెగిపోతుంటే, అడుగు పొడవున్న ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు దూరంగా పెట్టండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పరికరాలకు అనుమతి ఉందో లేదో కొనకముందే ఐటీ విభాగాన్ని అడగండి. ఫోనులో ఆడేవారు టైప్-సీ డాంగిల్ ఉన్నదే చూడాలి. ఆటపెట్టెల దగ్గర ఇంకో మెలిక: ఎక్స్‌బాక్స్ బ్లూటూత్ హెడ్‌సెట్‌ను తీసుకోదు, ప్లేస్టేషన్ 5 కూడా నేరుగా తీసుకోదు.

ధర మాటకొస్తే, ఇలాంటి డాంగిల్ సెట్లు ఇప్పుడు సుమారు 3,000 నుంచి 6,000 రూపాయల్లో దొరుకుతున్నాయి. అంత పెట్టలేనివారికి నేను చెప్పేది చౌక వైర్‌లెస్ కాదు, మంచి తీగ హెడ్‌సెట్. 1,500 రూపాయల తీగ సెట్టు మైకులోనూ వేగంలోనూ అదే ధర బ్లూటూత్‌ను దాటిపోతుంది. తీగ నామోషీ అనుకోవద్దు. ఇప్పటికే బ్లూటూత్ కొనేసినవారికి పైసా ఖర్చులేని దారి ఒకటుంది. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకరుగా హెడ్‌సెట్‌ను ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌సెట్ మైకు తెరుచుకోదు గనుక పాటల దారి అలాగే నిలుస్తుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ చిక్కును మూలంలోనే తీర్చగలదు. అయితే హెడ్‌సెట్, కంప్యూటర్ రెండింటిలోనూ అది ఉండాలి. ఒకదాంట్లోనే ఉంటే ప్రయోజనం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క చెవులది. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు, పిల్లలు 75 డెసిబెల్స్‌ను అంతేసేపు వినవచ్చన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 89 డెసిబెల్స్‌కు చేరేసరికి మిగిలేది వారానికి ఐదు గంటలే. పగలంతా మీటింగులు, రాత్రి ఆట ఉన్నవారి ఖాతా ఎంత తొందరగా ఖాళీ అవుతుందో ఆలోచించండి. ఆటల్లో ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. సన్నని అడుగుల చప్పుడు వినాలని పిల్లలు శబ్దం పెంచుతారు, ఆ వెంటనే తుపాకీ పేలుతుంది. పెద్ద చిన్న శబ్దాల మధ్య అంతరం తగ్గించే 'లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్' లేదా 'నైట్ మోడ్' పెట్టిస్తే అడుగులు వినిపిస్తాయి, పేలుళ్లు అదుపులో ఉంటాయి. ఆ పని తల్లిదండ్రులు దగ్గర కూర్చుని చేయించాలి. పోయిన వినికిడి తిరిగి రాదు.

కంపెనీలను అడగాల్సిందీ ఒకటుంది. వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకు మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. 'ఆర్'తో మొదలయ్యే ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. కానీ అది చెప్పేది భద్రత గురించే. మైకు తెరిచినప్పుడు శబ్దం ఏ స్థాయికి పడిపోతుందో, ఆలస్యం ఎంతో పెట్టె మీద అచ్చువేయమని అడిగేవాళ్లు లేరు. స్పీకరు ఎన్ని మిల్లీమీటర్లో పెద్దక్షరాల్లో వేసేవారు ఈ రెండు అంకెలు ఎందుకు వేయరు? బిస్కెట్ పొట్లం మీద పంచదార ఎంతో చెప్పించుకునే హక్కున్న కొనుగోలుదారుకు ఇదీ హక్కే.

ఆ రోజు వచ్చేదాకా పరీక్ష మన చేతిలోనే ఉంది. సికింద్రాబాద్ పార్క్ లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి కంప్యూటర్ షాపులోనో కొంటుంటే ల్యాప్‌టాప్‌కు తగిలించమనండి. ఆన్‌లైన్‌లో కొంటే, వెనక్కిచ్చే గడువు దాటకముందే ఇంట్లో చేయండి. ఫ్యాను తిరుగుతుండగా, పక్కన ఎవరో మాట్లాడుతుండగా ఒక నిమిషం తెలుగులో మాట్లాడి రికార్డు చేయండి. దాన్ని వేరే స్పీకరులో వినండి. అందులో ఒక్క మాట వెతుక్కోవాల్సి వచ్చినా, పాటలు ఎంత బాగా మోగనీ, ఆ సెట్టును అక్కడే వదిలేయండి.