అద్దాల హాలొద్దు, అరుగు కావాలి

ఇంటి దగ్గర్లోనే ఆఫీసు అన్న మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. ఊళ్ళలో "నైబర్‌హుడ్ వర్క్ స్పేస్"లు కట్టేవాళ్ళకి ప్రోత్సాహకాలిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 2024-29 ఐటీ పాలసీలో పెట్టింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం, ఈ సంగతి మాట్లాడారు. మంచిదే, కాదనను. నా భయమల్లా ఒక్కటే. బెంగుళూరులో మేము తిట్టుకుంటూ కూర్చునే అద్దాల హాలునే తెచ్చి మా మడకశిరలో కూడా దింపుతారని!

నాకెందుకింత బాధంటారా? మా చెల్లెలు ఇంట్లోంచే ఒక కంపెనీకి సపోర్టు పని చేస్తుంది. చోటు లేక స్టోరు రూములో, శెనక్కాయల మూటల మధ్య కూర్చుంటుంది. పది నిమిషాలకోసారి అవ్వ కేక. "అమ్మీ, గ్యాసోడొచ్చినాడు, తలుపు తీయే!" ఇంట్లో కూర్చుని చేసేది కూడా ఉద్యోగమేనంటే అవ్వ నమ్మదు. ఊళ్ళో ఒకాయన మేడ మీద హాల్లో పది టేబుళ్ళేసి అద్దెకిస్తే చెల్లెలు ఎగిరి గంతేసి వెళ్ళింది. నాలుగు రోజులకే మానేసింది.

"కుర్చీకి వెనకంతా తలుపేనన్నా. ఎవరొచ్చినా నా స్క్రీను చూసే లోపలికొస్తారు. ఇంగ్లీషులో కాల్ మాట్లాడుతుంటే అందరూ పని ఆపి వింటాండారు" అంది. మరి స్టోరు రూమే నయమా అనడిగితే, "అక్కడ ఇంకో మనిషి మొహం కనపడక పిచ్చెక్కుతాంది" అంది.

సమస్య మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది.

గోడలు తీసేస్తే మనుషులు కలిసిపోతారని నమ్మేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. హార్వర్డుకి చెందిన బెర్న్‌స్టైన్, టర్బన్ అనే ఇద్దరు, గోడలు తీసేసి ఓపెన్ ఆఫీసుకి మారిన రెండు పెద్ద కంపెనీల ఉద్యోగులకి సెన్సర్లు తగిలించి కొలిచారు. 2018లో ఫలితాలు బయటపెట్టారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం పడిపోయింది. ఈమెయిళ్ళూ, చాటింగులూ పెరిగాయి. అందరూ చూస్తున్నప్పుడు మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముడుచుకుంటాడు. ఇది కనిపెట్టడానికి సెన్సర్లెందుకు, మా ఆఫీసుకొస్తే నేనే చూపించేవాణ్ణి :-) అసలు హాళ్ళు కట్టేది స్నేహం కోసం కాదు, చదరపుటడుగు అద్దె కోసం. ఆ మాట ఒప్పుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

అలాగని మనిషికో గది ఇచ్చెయ్యమనే వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. న్యూయార్కులో జోయెల్ స్పోల్‌స్కీ 2003లో తన కంపెనీ ప్రోగ్రామర్లకి మూసుకునే తలుపుతో విడి గదులు కట్టించాడు. ఆయన రాసింది చదివి నేనూ కుళ్ళుకున్నవాణ్ణే. కానీ చెల్లెలికి గది ఉందిగా! అక్కడ లేనిది మనిషి.

మరేం కావాలి? శివరాత్రి దాటాక మా వైపు వచ్చి చూడండి. హిందూపురం మార్కెట్టుకి పోయే చింతపండుకి గింజలు తీస్తూ ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుంటారు. ఒక్కొక్కరికి గోడకి ఆనుకునే చోటు, ముందొక రాయి, చేతిలో చిన్న సుత్తి, ఎవరి కుప్ప వాళ్ళది. కూలి కిలోల లెక్క కాబట్టి ఒకరి కుప్పలో ఇంకొకరు వేలు పెట్టరు. వీపు వెనక ఎవరూ ఉండరు. ఎదురుగా వీధి. మాట కలపాలంటే తల తిప్పితే చాలు, వద్దనుకుంటే రాయి వైపు చూస్తే చాలు. ఆ చూపు అర్థం చేసుకుని పక్కావిడ ఊరుకుంటుంది.

ఒక తేడా మాత్రం దాచను. వాళ్ళకి చేతులు పనిలో ఉంటే నోరూ మనసూ ఖాళీ. మనకి అలా కాదు. సుత్తి చప్పుడు ఎంతున్నా కోడ్ రాయొచ్చు కానీ, పక్కన ఎవరో పెళ్ళి సంబంధం మాట్లాడుతుంటే రాయలేం. చెవిని లాగేది చప్పుడు కన్నా అర్థమయ్యే మాట. మడకశిరలో తెలుగూ కన్నడమూ రెండూ అర్థమవుతాయి, మరీ కష్టం!

కాబట్టి అరుగుకి తలుపున్న గది జతవ్వాలి. ఎనిమిది మందికి మించని చోటు, ప్రతి కుర్చీ వెనకా గోడ. కాల్స్ కోసం పైకప్పు దాకా గోడలున్న చిన్న గదులు రెండు, అద్దం తలుపులు కాదు, చెక్కవి. టైల్సూ అద్దాలూ మాటని తిప్పికొడతాయి. గోడలకి మందంగా గోనె సంచులు కొట్టినా కొంత మింగేస్తాయి. టీ పెట్టుకునే చోటు మాత్రం మూలకి తొయ్యకండి, అందరూ నీళ్ళకెళ్ళే దారిలోనే ఉండాలి. మనుషులు కలిసేది అక్కడే. కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ గురించి వేరే చెప్పాలా. ఇంకొకటి: తాళం చెవి అక్కడ పని చేసేవాళ్ళ దగ్గరుండాలి. అమెరికా వాళ్ళ కాల్ రాత్రి తొమ్మిదికుంటే, ఆరింటికి గేటేసుకుపోయే వాచ్‌మన్‌తో ఏం లాభం?

టెండరు పిలిచే ముందు ఆ చింతపండు అరుగు మీద ఒక పూట కూర్చుని వస్తే ప్లాను గీసేవాళ్ళకి ఖర్చేమీ కాదు. చెల్లెలు ప్రస్తుతానికి స్టోరు రూములోనే ఉంది. ఈ ఏడు వాన సరిగా లేక మూటలు తక్కువొచ్చాయి, కాళ్ళు చాపుకోడానికి కాస్త చోటు మిగిలింది.