మన పేరు లిస్టుకెక్కించే బీఎల్ఓకు డబ్బులు ఏ తారీఖున?



ఓటరు లిస్టులో పేరుందో లేదో పోలింగ్ నాడు చూసుకుంటే లాభం లేదు. 2018 డిసెంబరులో తెలంగాణలో ఎంతమంది వేలికి సిరా అంటకుండా బూత్ నుంచి తిరిగొచ్చారో మరిచిపోయామా? పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో, పేర్లు తీసేయమంటూ ఫారం-7లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఎవరి పేరు తీయమన్నారో వాళ్ళకే తెలియదు. పోలీసు కేసులయ్యాయి. అలాంటి కాగితాల్లో ఏది అసలు, ఏది దొంగ అని ఇల్లిల్లూ తిరిగి తేల్చేది బూత్ లెవెల్ ఆఫీసర్, మన బీఎల్ఓ.

పేరుకే ఆఫీసర్. చాలాచోట్ల ఆమె మన అంగన్‌వాడీ టీచరే. పొద్దంతా పిల్లలకు గుడ్లు, అన్నం పెట్టి, రిజిస్టర్లు రాసి, సాయంత్రం సంచి భుజానేసుకుని గల్లీల్లోకి వస్తది. ఒక ఇంటికి తాళం. ఇంకో ఇంట్లో కిరాయివాళ్ళు మారారు. ఫోన్ ఆమెదే, రీఛార్జ్ ఆమెదే, ఆటో చార్జీ ఆమెదే. యాప్ తిరుగుతూనే ఉంటది, ఓటీపీ రాదు. మొన్న మన గల్లీలోనే, పెద్దాయన పోయిన ఇంటికి డెత్ సర్టిఫికెట్ అడగడానికి వెళితే ‘ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు, అప్పుడే పేరు కొట్టేస్తావా’ అని తలుపేసుకున్నారు. ఆమె తప్పేముంది? పేరు తీయకపోతే ఆ ఓటు ఇంకెవడో వేస్తాడు.

ఇంత చాకిరీకి ఇచ్చేదెంత? 2015 నుంచి ఏడాదికి 6,000 రూపాయలు. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం దాన్ని 12,000 చేసింది. ఓటరు లిస్టు సవరణ సమయంలో ఇచ్చే ప్రోత్సాహకం 1,000 నుంచి 2,000 అయింది. పెంచారు, సంతోషం. కానీ లెక్క వేయండి: ఒక పోలింగ్ కేంద్రానికి 1,200 మంది ఓటర్ల దాకా ఉండొచ్చు. అంటే ఒక్కో ఓటరుకు ఏడాదికి పది రూపాయలు. ఇరానీ చాయ్ కూడా రాదు! అదైనా ఏ తారీఖున చేతికొస్తుందని మన బీఎల్ఓను అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటుంది.

లిస్టు పనిలో తప్పు చేస్తే మాత్రం లెక్క పక్కాగా ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 32 కింద మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. శిక్షకు గడువు రాసినోళ్ళు కూలికి గడువు ఎందుకు రాయరు? లిస్టు ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించాలి. ఆ ఇద్దరి నడుమ ఫైలు ఎక్కడ ఆగినా ఎండేది ఈమె కడుపే.

ఫారానికి ఇంత అని కట్టిస్తే ఉరికి చేస్తారు కదా అని కొందరంటున్నారు. ఆ మాటే వద్దు. తలకింత అని లెక్కగట్టిన రోజు లేనివాళ్ళు లిస్టులో పుడతారు. అమెరికాలో ప్రైవేటు సంస్థలు మనుషుల్ని పెట్టి ఓటర్లను చేర్పిస్తుంటాయి. మన తెలుగువాళ్ళు దండిగా ఉన్న టెక్సస్‌లో, చేర్పించిన పేర్లను బట్టి వాళ్ళకు డబ్బులివ్వడం చట్టప్రకారం నేరం. టార్గెట్ పెట్టి ఫారాలు లాగే పద్ధతి మన దగ్గరికి ఏ రూపంలోనూ రావొద్దు.

మనం అడిగేది ఇదీ: బీఎల్ఓ గౌరవ వేతనం ఏడాదికోసారి కాదు, నెలనెలా ఫలానా తారీఖున బ్యాంకు ఖాతాలో పడాలి, చేతికి స్లిప్పు రావాలి. ఫోన్, ప్రయాణ ఖర్చులు వేరుగా ఇవ్వాలి. 12,000 అనేది కనీసం మాత్రమే. ఆపైన ఇవ్వడానికి రాష్ట్రానికి అడ్డేమీ లేదు. పనిభారం తగ్గించేలా అదనపు సిబ్బందిని ఇవ్వాలని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పింది. ఇవన్నీ నోటిమాటగా కాకుండా జీవోలో రావాలి.

వాళ్ళే అడగొచ్చు కదా అంటారేమో. లిస్టు పనిలో ఉన్నన్నాళ్ళు వాళ్ళు ఎన్నికల సంఘం అదుపులో ఉన్నట్టే లెక్క. నోరు తెరిస్తే మెమో. మనకు మెమో ఇచ్చేవాడు లేడు. అందుకే మనం అడగాలి.

ఈ సోమవారం ఉదయం 10 గంటలకు కలెక్టరేట్ ప్రజావాణికి రండి. కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి, కాగితం ఆయన చేతికే ఇద్దాం. రాలేనివాళ్ళు ఆదివారం రాత్రి లోపు కమ్యూనిటీ హాలు దగ్గర సంతకం పెట్టి, పక్కన మీ ఓటరు కార్డు (ఎపిక్) నంబరు రాయండి. పార్టీ కండువాలు మాత్రం ఇంట్లోనే వదిలి రండి.

– బస్తీ ఓటర్లు